మా వాడి డబ్బా ఫోన్, రెండున్నరేళ్ళ తర్వాత

ముందే చెప్పేస్తున్నా, ఈ ఫోన్ మీద నాకున్న ప్రేమంతా దాని ఛార్జింగ్ మీదే. మిగతాదంతా మామూలే, బటన్లు నొక్కే డబ్బా ఫోన్‌లో ఏముంటాయో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. కంపెనీ పేరు చెప్పను, ఏ కంపెనీదైనా ఇంచుమించు ఇంతే. 2023 జూన్‌లో మా వాడు ఏడో తరగతిలోకి వచ్చినప్పుడు కొన్నాం, అప్పటికి వాడికి 12 ఏళ్ళు. ఇప్పుడు తొమ్మిది చదువుతున్నాడు, ఫోన్ అదే.

పిల్లలకి ఫోన్ ఎప్పుడు కొనివ్వాలి అంటే మా చుట్టాల్లో ఇంటికో లెక్క. మా మరిది అయితే బిల్ గేట్స్ తన పిల్లలకే 14 ఏళ్ళు వచ్చేదాకా ఇవ్వలేదట వదినా అని ప్రతి పండక్కీ చెబుతాడు. బిల్ గేట్స్ పిల్లలు మన బెజవాడ సింగ్‌నగర్‌లో ఆటో ఎక్కి ట్యూషన్‌కి పోవాల్సిన పని లేదు కదయ్యా అని నేనూ ప్రతి పండక్కీ అంటాను. మా ఆయనకి హైదరాబాద్‌లో పని, నెలకి రెండుసార్లు వస్తాడు. నేను వన్ టౌన్‌లో ఒక బట్టల షాపులో లెక్కలు రాస్తాను, ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర. వాడు బడి నుంచి నేరుగా ట్యూషన్‌కి, అక్కడి నుంచి ఇంటికి. ఒకరోజు సారుకి ఒంట్లో బాగోక ట్యూషన్ లేదన్నారు, ఆ సంగతి నాకు తెలియదు, నాకు చెప్పే దారి వాడికి తెలియదు, రెండు గంటలు వాళ్ళ మెట్ల మీదే కూర్చున్నాడు. ఆ ఆదివారమే వెళ్ళి కొనేశాం. కాబట్టి ఏడో తరగతే సరైన వయసని మేమేదో ఆలోచించి తేల్చింది కాదు, ఆ మెట్లు తేల్చాయి.

కొన్న రోజే ఒక దెబ్బ తిన్నాం. ఇంట్లో వాడకుండా పడున్న సిమ్ ఒకటి వేస్తే నెట్‌వర్క్ రాదే. ఫోనేమో 2జీ, సిమ్మేమో 4జీ తప్ప పనిచేయనిది. షాపువాడు ఆ ముక్క చెప్పలేదు, మేం అడగలేదు. 18 నిండకపోతే సిమ్ ఇవ్వరు కాబట్టి మళ్ళీ నా పేరు మీదే ఇంకో సిమ్ తీసుకున్నాం. ఇక రీఛార్జ్ సంగతి. ఈ ఫోన్‌లో నెట్ అనేదే లేదు, అయినా మొదటి ఏడాదిన్నర డేటా కలిపిన ప్యాకే వేయించాల్సి వచ్చింది, అదీ 28 రోజులకోసారి, అంటే ఏడాదికి 13 సార్లు. ఫోన్ ఖరీదు కన్నా ఎక్కువ రీఛార్జ్‌లకే పోసుంటాను. 2024 డిసెంబరులో ఫోన్ కంపెనీలకి రూల్స్ పెట్టే ట్రాయ్ గట్టిగా చెప్పాక మాటలకీ మెసేజ్‌లకీ మాత్రమే ప్యాక్‌లు వచ్చాయి, కిందటి ఫిబ్రవరిలో ఏడాదికి సరిపడా ఒకేసారి 1,849 కట్టేశాను.

ఫోన్ కొన్న రెండు నెలలకే, ఆగస్టులో, బడుల్లో పిల్లల దగ్గర ఫోన్లు ఉండకూడదని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మంచిదే, కాదనను. కానీ మా వాడి ఫోన్ ఎక్కడ పెట్టాలి? చివరికి ఆటో బాబాయి డబ్బాలో. పొద్దున దిగేటప్పుడు ఇచ్చేయడం, సాయంత్రం ఎక్కేటప్పుడు తీసుకోవడం. ఆ బాబాయి ఒక్కరోజు కూడా మర్చిపోలేదు, మా వాడు మాత్రం చాలాసార్లు మర్చిపోయాడు.

ఇక ఛార్జింగ్ దగ్గరికి వస్తాను.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. ముందురోజంతా బెజవాడలో కుండపోత. పొద్దున లేచేసరికి కరెంటు లేదు, మా వీధిలోకి బుడమేరు వాగు వచ్చేసింది. మేం మొదటి అంతస్తులో ఉంటాం. కింద వాటాలో ఇంటిగల మామ్మగారు, తాతగారు. గంట తిరక్కుండా నీళ్ళు కిటికీలకి ఎక్కాయి, ఇద్దర్నీ పైకి తీసుకొచ్చాం. మామ్మగారి ఫోన్ కిందే, మంచం పక్కన ప్లగ్గుకి వేలాడుతూ ఉండిపోయింది. నేనేం చేశానంటే, ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే తిట్టుకుంటాను, నా టచ్ ఫోన్ తీసి బాల్కనీలోంచి వీడియోలు తీసి చుట్టాలందరికీ పంపాను. వాళ్ళు వరసపెట్టి ఫోన్లు, కృష్ణ పొంగిందట కదా, ప్రకాశం బ్యారేజీకి లక్షల క్యూసెక్కులట కదా అని. మా ఇంట్లోకొచ్చింది కృష్ణ కాదు బుడమేరు అని ఒక్కొక్కరికీ విడమర్చి చెప్పేసరికి మధ్యాహ్నం రెండింటికల్లా ఫోన్ చచ్చిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది మా వాడి ఫోన్. శుక్రవారం రాత్రి ఛార్జింగ్ పెట్టాడట, ఇంకా నాలుగు గీతల్లో మూడున్నాయి.

మా ఆయన హైదరాబాద్‌లో చిక్కుకుపోయాడు. ఐతవరం దగ్గర హైవే మీద నీళ్ళు, కేసముద్రం వైపు రైలు పట్టాలే కొట్టుకుపోయాయి, రావడానికి దారి లేదు. ఈ ఫోన్ నుంచి మాట్లాడితే ఆయన చెప్పిన మొదటి మాట, దాన్ని ఆపేసి పెట్టండి, గంటకోసారి తీయండి అని. అలాగే చేశాం. ప్రతి గంటకీ ఐదు నిమిషాలు ఆన్. సిగ్నల్ ఒక్కోసారి ఉండేది, ఒక్కోసారి గీత కూడా ఉండేది కాదు. లేనప్పుడు ఆపేసి మళ్ళీ గంటకి. పొద్దున ప్రాంతీయ వార్తలకి మాత్రం కాసేపు రేడియో పెట్టుకునేవాళ్ళం, కవులూరు దగ్గర బుడమేరు గట్టుకి గండ్లు పడ్డాయన్న సంగతి మాకు అందులోనే తెలిసింది.

ఫోన్ ఉంది సరే, నంబర్లేవి? ఈ సంగతి ఎవరికీ తట్టదు. మామ్మగారి అబ్బాయి చెన్నైలో ఉంటాడు, ఆవిడకి షుగర్ మాత్రలు అయిపోయాయి, అవి ఎలాగోలా తెప్పించాలి. ఆయన నంబర్ ఆవిడ ఫోన్‌లో ఉంది, నీళ్ళలో. నా ఫోన్‌లో ఉంది, చచ్చింది. తాతగారికి వాళ్ళ పాత ల్యాండ్‌లైన్ నంబర్ తప్ప ఇంకేదీ గుర్తు లేదు. నాకు మా ఆయన నంబర్ తప్ప మా అమ్మది కూడా నోటికి రాదు, సిగ్గేసింది. ఆఖరికి బీరువాలో అద్దె అగ్రిమెంట్ కాగితం దొరికింది, అందులో ఆ అబ్బాయి నంబర్ ఉంది. పిల్లాడికి మాత్రం వాళ్ళ నాన్నది, నాది, అమ్మమ్మది, హైదరాబాద్ మామయ్యది, ట్యూషన్ సారుది, ఆటో బాబాయిది అన్నీ నోటికి వచ్చు. ఏదో తెలివితేటలని కాదు, ఆ బటన్లు మూడేసిసార్లు నొక్కుతూ పేర్లు టైపు చేయడానికి బద్ధకమేసి ఒక్క పేరూ సేవ్ చేసుకోలేదు, నంబర్లు కొట్టీ కొట్టీ వచ్చేశాయి.

సోమవారం పొద్దుటికల్లా పక్క బిల్డింగులో వాళ్ళకి తెలిసిపోయింది మా దగ్గర ఫోన్ పనిచేస్తోందని. బాల్కనీలోంచి నంబర్ అరిచి చెప్పేవాళ్ళు, వీడు కొట్టి, అవతల ఎత్తగానే స్పీకర్ పెట్టి చెయ్యి బారచాపి పట్టుకునేవాడు, వాళ్ళు అటునుంచి అరిచేవాళ్ళు. మనిషికి రెండు నిమిషాలు. లెక్కల నోటుబుక్కు వెనక పేజీలో ఎవరు ఎవరికి చేశారో రాసుకున్నాడు, వెనకటి ఎస్టీడీ బూత్ ఓనరు లాగా. మొత్తం 23 కాల్స్, ఆ పేజీ ఇంకా ఉంది. మామ్మగారి అబ్బాయి స్నేహితుడెవరో ఫ్లైఓవర్ దగ్గర పడవ వాడికి డబ్బిచ్చి మాత్రలు పంపిస్తే మంగళవారం మధ్యాహ్నానికి అందాయి. ఆ పూట డ్రోన్ ఒకటి మా మీదుగా పోయింది, దాన్ని చూసిన సంబరంలో వీడు ఫోన్ ఆపడం మర్చిపోయి అరగంట ఛార్జింగ్ తగలేశాడు, నా చేత తిట్లు తిన్నాడు. బుధవారం పొద్దున ఆఖరి గీత మిణుకుమిణుకుమంటూ ఒకసారి కూసింది. ఆ సాయంత్రం మేం ట్రాక్టర్ మీద ఫ్లైఓవర్ దగ్గరకి చేరేసరికి కూడా అందులో ప్రాణం ఉంది, మా ఆయన దానికే చేసి ఎక్కడున్నారో కనుక్కుని వచ్చాడు.

ఇదంతా విని మా వీధిలో ఇద్దరు ముగ్గురు వాళ్ళ పిల్లలకి ఇలాంటివే కొన్నారు. నేను పొగిడిన మాట నిజమే. కానీ తర్వాత నాకే అనిపించింది, ఇందులో పిల్లలకి ఫోన్ ఏ వయసులో ఇవ్వాలి అన్నదానికి జవాబేముంది? ఆ నాలుగు రోజులూ పనికొచ్చింది ఇంట్లో ఒక డబ్బా ఫోన్ ఉండటం. అది నా హ్యాండ్‌బ్యాగులో ఉన్నా అదే పని జరిగేది. నిజానికి అలాంటిది ముందు కొనుక్కోవాల్సింది నేను.

ఛార్జింగ్ నాలుగు రోజులు వస్తుందని అందరికీ చెప్పుకుంటూ వచ్చాను, అది కూడా ఇప్పుడు కొంచెం తగ్గించి చెప్పాలి. కిందటి ఎండాకాలం బ్యాటరీ ఉబ్బి వెనక మూత పైకి లేచింది. బీసెంట్ రోడ్డు పక్క సందులో 200 పెట్టి వేరేది వేయించాం, ఇది రోజున్నర వస్తే గొప్ప.

ఫోన్ ఇచ్చాక నాకు టెన్షన్ తగ్గిందనీ అంటుంటాను. తగ్గింది, అన్ని రోజులూ కాదు. దీంట్లో హ్యాష్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే సైలెంట్‌లోకి పోతుంది. ఒకరోజు రాత్రి తొమ్మిదైనా ఇంటికి రాలేదు, 14 సార్లు చేశాను, మోగుతోంది, ఎత్తడు. ఫోన్ లేని రోజుల్లో అయితే ట్యూషన్ ఆలస్యమైందేమోలే అనుకునేదాన్ని. ఫోన్ ఉండి ఎత్తకపోతే మనసు ఎక్కడెక్కడికో పోతుంది. చెప్పులేసుకుని వీధి చివరిదాకా పరిగెత్తాను. తీరా చూస్తే బజ్జీల బండి దగ్గర ఫ్రెండ్స్‌తో. జేబులో దానంతట అదే సైలెంట్‌లో పడిందమ్మా అన్నాడు. జేబులో ఏ బటనో నొక్కుకుపోవడం అబద్ధం కాదు, నా ఫోన్‌కీ జరుగుతుంది. కానీ ఆ తర్వాత కూడా మంచి మంచి సమయాలు చూసుకునే పడుతోంది ఆ సైలెంట్.

ఇంకోటి, చెప్పుకోడానికి కొంచెం ఇబ్బందిగా ఉంది. మా వాడికి టచ్ ఫోన్ ఇవ్వలేదు అని నేను గొప్పగా చెప్తాను కదా, ఇంటికొచ్చాక నా టచ్ ఫోన్ వాడి చేతిలోనే ఉంటుంది. హోంవర్క్ వాట్సాప్ గ్రూపులో వస్తుంది, అది చూడాలి అంటాడు, చూస్తాడు, ఇరవై నిమిషాల తర్వాత వెళ్తే రీల్స్. కాబట్టి డబ్బా ఫోన్ వల్ల వాడు స్క్రీన్‌కి దూరంగా పెరిగాడని ఎవరైనా అనుకుంటే ఆ తప్పు నాది. బయట ఉన్నంతసేపు మాత్రమే దూరం. అది తక్కువేమీ కాదు, ఆటోలో కిటికీలోంచి బయటికి చూస్తూ వస్తాడు, తోటి పిల్లలతో పోట్లాడతాడు, కానీ నేను చెప్పుకున్నంత ఎక్కువ కూడా కాదు.

ఏడులో ఉన్నప్పుడు ఈ ఫోన్ వాడికి పెద్ద హోదా. ఎనిమిదిలో వరద పుణ్యమా అని హీరో. తొమ్మిదికి వచ్చేసరికి జేబులోంచి తీయడానికే నామోషీ. కూరగాయల కొట్టు పెట్టావేంట్రా అని అడుగుతున్నారట. కార్డు కావాలా లోన్ కావాలా అంటూ వచ్చే కాల్స్ మాత్రం ఓపిగ్గా ఎత్తుతాడు, నాకు 14 ఏళ్ళండీ, మా అమ్మనడగండి అని నా నంబర్ ఇచ్చేస్తాడు. అందుకు వాడికి వేరే పడుతుంది.

మొన్న డిసెంబరులో ఆస్ట్రేలియాలో 16 లోపు పిల్లలకి సోషల్ మీడియా అకౌంట్లు ఉండకూడదని చట్టం అమల్లోకి వచ్చింది కదా, ఈ సంక్రాంతికి మా మరిది బిల్ గేట్స్‌ని వదిలేసి అది పట్టుకున్నాడు. అక్కడ చట్టం ఆపుతోంది అకౌంట్లని, ఫోన్లని కాదు అని మా వాడే సరిదిద్దాడు, నా ఫోన్‌లోనే చదివుంటాడు. మన దగ్గర చట్టం అక్కర్లేదు, ఇంటర్ ఉంది. టెన్త్ అయ్యాక కొంటాం అని ప్రతి ఇంట్లోనూ మాటిస్తారు, టెన్త్ అవగానే హాస్టల్ కాలేజీలో వేస్తారు, అక్కడ ఫోన్ రానివ్వరు, కాబట్టి ఇంటర్ అయ్యాక. మా అక్క కూతురికి అలాగే జరిగింది, ఆదివారం వార్డెన్ ఫోన్ దగ్గర లైన్లో నిలబడి రెండు నిమిషాలు మాట్లాడేది. మా తమ్ముడు హైదరాబాద్‌లో వాళ్ళ పాపకి 10 ఏళ్ళకే టచ్ ఫోన్ ఇచ్చాడు, ఆ పిల్ల మా వాడికన్నా బుద్ధిగా ఉంది. వాళ్ళింట్లో సాయంత్రం ఆరింటికల్లా ఇద్దరు పెద్దవాళ్ళుంటారు, మా ఇంట్లో ఉండరు. నాకు కనిపించే తేడా అదొక్కటే.

ఎవరైనా అడిగితే ఏం చెప్తానంటే, పిల్లలు ఒంటరిగా రెండు చోట్ల మధ్య తిరగాల్సి వస్తే, అవతల ఎత్తేవాళ్ళు ఉంటే, 12కి డబ్బా ఫోన్ పర్వాలేదు. బడి నుంచి ఇంటికే వచ్చే పిల్లలకి ఎందుకో నాకు తెలియదు. టచ్ ఫోన్ సంగతి నన్ను అడగొద్దు, మా ఇంట్లోనే తేలలేదు. టెన్త్ అయ్యాక అంటాడు వాడు, ఇంటర్ అయ్యాక అంటాడు వాళ్ళ నాన్న.

ఫిబ్రవరితో రీఛార్జ్ అయిపోతోంది. ఏడాదిది వేద్దామంటే, 84 రోజులది చాలమ్మా, డబ్బులెందుకు వేస్ట్ అంటున్నాడు. వాడికి డబ్బుల మీద ఇంత శ్రద్ధ ఎప్పుడొచ్చిందో.