క్యాన్సర్ ఆసుపత్రిలోని మహిళల సహాయ బృందం: ఒక సమీక్ష

హైదరాబాద్‌లో నాకు రొమ్ము క్యాన్సర్ చికిత్స జరిగిన ఆసుపత్రిలో నెలకొకసారి మహిళల సహాయ బృందం సమావేశమవుతుంది. దీనికి రుసుము లేదు, డాక్టరు చీటీ అక్కర్లేదు, అక్కడే చికిత్స పొంది ఉండాలన్న నియమం కూడా లేదు. ఒక సైకాలజిస్టు, ఒక ఫిజియోథెరపిస్టు, చికిత్స పూర్తయిన కొందరు మహిళలు కలిసి దీన్ని నడుపుతున్నారు. 2022లో మన దేశంలో రొమ్ము క్యాన్సర్ కొత్తగా బయటపడిన వారు సుమారు 1.92 లక్షల మంది అని అంచనా. వీరికి ఆపరేషన్, కీమో, రేడియేషన్ అందించే ఆసుపత్రులు పెరుగుతున్నా, ఇంటికి వెళ్ళాక ఆ మనిషికి రాత్రి నిద్ర పడుతోందా అని అడిగే చోట్లు తక్కువ కాబట్టి ఈ సేవ గురించి వివరంగా రాస్తున్నాను.

సమావేశంలో మొదటి భాగం పూర్తిగా శరీరానికి సంబంధించినది. చంకలోని లింఫ్ గ్రంథులు తీసిన వైపు చెయ్యి వాచే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఆ చేతిని ఎలా కాపాడుకోవాలో చెప్పి, గోడకు ఎదురుగా నిలబెట్టి, వేళ్ళను మెల్లగా పైకి పాకిస్తూ భుజం సాగదీసే వ్యాయామం చేయిస్తారు. మనోబలానికి ఉద్దేశించిన సమావేశంలో ఇది ఎందుకని కొందరికి అనిపించవచ్చు. వేళ్ళు ఎంతవరకు అందాయో గోడ మీద పెన్సిలుతో గుర్తు పెట్టించుకున్న నల్లగొండ జిల్లా రైతు మహిళ ఒకామె, తర్వాతి నెల ఆ గుర్తు దాటి, “ఇగ అటుక మీది డబ్బ నేనే దించుకుంట” అన్నప్పుడు ఆమె ముఖం చూసిన వారెవరూ ఆ ప్రశ్న మళ్ళీ వేయరు. తన ఒళ్ళు తన మాట వింటోందన్న నమ్మకం తిరిగి కలగడమే చాలామందికి మొదటి మెట్టు.

రెండో భాగం మాటలకు. మొదలుపెట్టేముందు సైకాలజిస్టు ఒకే ఒక నియమం చెబుతారు: ఎవరూ ఎవరికీ “ధైర్యంగా ఉండు” అని చెప్పకూడదు. మన ఇళ్ళకు పరామర్శకు వచ్చేవారు “నీకేం కాదు” అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, వారిని ఓదార్చే పని కూడా రోగి మీదే పడుతుంది. పిల్లలు చూస్తారని, అత్తగారు కంగారుపడతారని స్నానాల గదిలో కొళాయి తిప్పి ఏడ్చే ఆడవాళ్ళకు, ఎదుటివారు తొందరపెట్టకుండా కూర్చునే గది దొరకడం ఎంత ఉపశమనమో అనుభవించిన వారికే తెలుస్తుంది. జుట్టు రాలడం గురించే కాక, హార్మోన్ చికిత్సగా వాడే టామాక్సిఫెన్ మాత్రలతో వచ్చే వేడి ఆవిర్లు, భర్తతో సాన్నిహిత్యం, తిరగబెడుతుందేమోనన్న భయం వంటివి కూడా అక్కడ సంకోచం లేకుండా చర్చకు వస్తాయి.

ఈ సేవలో నేను అన్నిటికన్నా విలువైనదిగా భావించేది, చికిత్స ముగించినవారిని కొత్తవారికి జతచేసే పద్ధతి. ఈ ఆలోచనకు పాత చరిత్రే ఉంది: 1952లో న్యూయార్క్‌లో టెరీస్ లాసర్, తనకు రొమ్ము తొలగించిన తర్వాత, అదే ఆపరేషన్ జరిగిన ఇతర స్త్రీలను స్వయంగా వెళ్ళి పలకరించడంతో ‘రీచ్ టు రికవరీ’ అనే తోటి రోగుల సహాయ కార్యక్రమం మొదలైంది. ఇక్కడ నాకు జతపడినావిడ వృత్తిరీత్యా టైలరు. నూలుతో అల్లి, లోపల మెత్తని పీచు నింపిన కృత్రిమ రొమ్మును తెచ్చి, దాన్ని ఉంచుకోవడానికి జాకెట్టు లోపల జేబు ఎలా కుట్టించుకోవాలో, తేలికగా ఉండడం వల్ల అది పైకి జరగకుండా అడుగున చిన్న బరువు ఎలా పెట్టాలో, ఎడమ వైపు తీసేసినప్పుడు పైట జారకుండా పిన్ను ఎక్కడ పెట్టుకోవాలో చూపించారు. ఆపరేషన్ తర్వాత చాలాకాలం పెళ్ళిళ్ళకు వెళ్ళడమే మానేశానని, ఈ జేబు మొదట తన కోసమే కుట్టుకున్నానని, ఇప్పుడు అడిగినవారందరికీ కుట్టి ఇస్తున్నానని చెప్పారు. వ్యక్తిత్వ వికాసం గురించి ఎన్ని ఉపన్యాసాలు విన్నా, దాన్ని ఇంత దగ్గరగా చూసింది ఆమె చేతుల్లోనే.

నాకు నచ్చనిది వారు నింపించే ప్రశ్నాపత్రం. పెద్ద కష్టం మనసుకు చేసిన గాయం తర్వాత మనిషిలో కలిగే ఎదుగుదలను అంచనా వేయడానికి మనస్తత్వవేత్తలు టెడెస్కీ, కాల్హూన్ 1996లో ప్రచురించిన 21 అంశాల కొలమానం అది. ఇతరులతో సంబంధాలు, కొత్త అవకాశాలు, సొంత బలం, ఆధ్యాత్మిక మార్పు, జీవితం పట్ల ఆదరం అనే 5 కోణాల్లో మార్పును 0 నుంచి 5 వరకు అంకెలతో గుర్తించాలి. కొలమానంతో నాకు పేచీ లేదు. ఎదుగుదల వ్యాధి వల్ల కాక, దానితో చేసే పెనుగులాట వల్ల వస్తుందని, అది ఉన్నంత మాత్రాన బాధ తొలగిపోదని దాన్ని రూపొందించినవారే చెప్పారు. అయితే ఆ మాటేమీ వివరించకుండా, కీమో మధ్యలో నోరు పూసి మంచినీళ్ళు కూడా మింగలేని మనిషి చేతికి ఆ కాగితం ఇస్తే, అది పరీక్షలా తోస్తుంది. సున్నాలు పెట్టిన ఒక అమ్మాయి “నాలోనే ఏదో లోపం ఉందా మేడమ్?” అని అడగడం నేను విన్నాను. చికిత్స ముగిసి కొంతకాలం గడిచాక, వివరించి ఇస్తే మేలు.

మరో లోటు ఇంకా తీవ్రమైనది. వ్యాధి ఎముకలకో కాలేయానికో పాకినవారు, చికిత్స ముగించుకున్నవారు ఒకే గదిలో కూర్చుంటారు. “మేం గెలిచాం” అన్న మాట వినిపించినప్పుడు, జీవితాంతం మందులు వాడుతూ ఉండవలసిన మహిళ తనను ఓడినవారిలో లెక్కగట్టుకుంటుంది. అలాంటి ఇద్దరు తర్వాత రావడం మానేశారు. నాలుగో దశవారికి విడిగా సమావేశం ఏర్పాటు చేయాలని నిర్వాహకులకు రాతపూర్వకంగా కోరాను, పరిశీలిస్తామన్నారు. ఉర్దూ మాట్లాడే మహిళలకు తోటివారే అనువదించి చెబుతున్నారు, అది బాగానే సాగుతోంది. భర్తలకు, పిల్లలకు మాత్రం ఏమీ లేదు.

ఈ లోట్లున్నా ఇలాంటి బృందంలో చేరమని గట్టిగా చెబుతాను. వీలైతే ఆపరేషన్‌కూ మొదటి కీమోకూ మధ్య వెళ్ళండి, వదులుగా ఉన్న జాకెట్టు వేసుకోండి, చికిత్స ముగించిన ఒకరిని మీకు జతచేయమని మొదటి రోజే అడగండి. వ్యాధి పాకినవారు ముందుగా ఫోన్ చేసి సైకాలజిస్టుతో విడిగా సమయం తీసుకోవచ్చు, అడిగితే ఇస్తున్నారు.