ఇన్వర్టర్ మార్చాను, ఫ్యాను మోత ఆగింది

రెండేళ్ల క్రితం మా కాలనీ దగ్గర షాపులో తీసుకున్న ఇన్వర్టర్, ఇంటి కరెంట్ లాగా సాఫీ అలగా కాక మెట్టులా ఎగిసి పడే స్క్వేర్ వేవ్‌దని నాకు మొన్న వేసవి దాకా తెలియదు. షాపతను చెప్పలేదు, నేనూ అడగలేదు, 800 వీఏ అన్న కెపాసిటీ అంకె చూసి తెచ్చేసుకున్నాను. మల్కాజిగిరిలో గట్టిగా గాలివాన వచ్చిందంటే కరెంట్ పోతుంది, పోయిందంటే మూడు ఫ్యాన్లూ గుయ్‌మని ఒకటే మోత, "దీనికంటే విసనకర్రే నయంరా" అని అమ్మ. ఎలక్ట్రీషియన్ వచ్చి రెండుసార్లు ఫ్యాన్ కెపాసిటర్ మార్చి డబ్బులు తీసుకుని వెళ్లాడు. మోత అలాగే ఉంది.

చివరికి ఆ ఇన్వర్టర్‌ని ఆటోలో వేసుకుని కోఠి గుజరాతీ గల్లీకి పోయాను. అక్కడ పదడుగుల వెడల్పు కూడా లేని కొట్టు. కొట్టాయన బేరం మొదలుపెట్టకుండా మీటర్ తీసి, నాబ్ డీసీ (ఒకే దిశలో పారే కరెంట్) మీద పెట్టి గోడ ప్లగ్గులో పుల్లలు దూర్చాడు. దాదాపు సున్నా. "కరెంట్ లేదా మరి? చెయ్యి పెడతావా అన్నా?" అని నవ్వాడు. ఇంటికొచ్చే ఏసీలో సెకనుకు 50 సైకిళ్లు (50 హెర్ట్జ్), అంటే దిశ 100 సార్లు తిరగబడుతుంది, అటూ ఇటూ పోయింది చెల్లుకు చెల్లు అయిపోయి డీసీ మీటర్‌కి ఏమీ కనిపించదు. నాబ్ ఏసీకి తిప్పితే 236 వోల్టులు.

తర్వాత నా ఇన్వర్టర్‌ని తన బ్యాటరీకి తగిలించి చూస్తే మామూలు మీటర్‌లో 251, వేవ్ ఎలా ఉన్నా అసలు వోల్టేజీ చూపే ట్రూ ఆర్ఎంఎస్ మీటర్‌లో 226. ఒకే తీగ, రెండు లెక్కలు! చవక మీటర్ దిశ పట్టించుకోకుండా సగటు తీసుకుని, వచ్చేది సైన్ వేవే (సాఫీ అలే) అనుకుని లెక్క కడుతుందట, అందుకే స్క్వేర్ వేవ్ మీద 11 శాతం దాకా ఎక్కువ చూపిస్తుంది. ఫ్యాను మోతకీ కారణం ఆ వేవే. స్క్వేర్ వేవ్ అయితే 50తో పాటు 150, 250 హెర్ట్జ్ కూడా మోటార్‌లోకి పోయి వైండింగ్‌ని వణికిస్తాయి.

900 వీఏ ప్యూర్ సైన్ వేవ్ తీసుకున్నాను. బ్యాటరీ కూడా అంటగడతాడేమో అనుకున్నా, కానీ "కరెంట్ పోయి గంటయ్యాక బ్యాటరీ ఎంత చూపిస్తోంది?" అని అడిగాడు. 12.2 వోల్టులు అన్నాను. అయితే అది బాగానే ఉంది, దాన్ని ముట్టుకోకు, డిస్టిల్డ్ వాటర్ పోసుకుంటూ ఉండు అన్నాడు. ఈ ఒక్క మాటకే మళ్లీ ఆ కొట్టుకే పోతా.

ఇప్పుడు ఫ్యాన్లు కరెంట్ ఉన్నప్పుడు ఎలా తిరుగుతాయో అలాగే తిరుగుతున్నాయి. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబులర్ బ్యాటరీ మీద మూడు ఫ్యాన్లు, నాలుగు ఎల్ఈడీ బల్బులు నాలుగు గంటలు దాటి వచ్చాయి. 12 గుణించి 150, 1800 వాట్ అవర్లు కదా, ఈ లోడుకి ఏడు గంటలు రావాలి కదా అని లెక్కలేసుకోకండి. ఆ 150 అనేది మెల్లగా 20 గంటల్లో ఖాళీ చేస్తే వచ్చే లెక్క, గబగబా లాగితే తగ్గుతుంది, పైగా ఇన్వర్టర్ తినేది ఉంటుంది.

నచ్చనివీ ఉన్నాయి. ఛార్జింగ్ అప్పుడు లోపలి చిన్న ఫ్యాను రొద, హాల్లో పడుకునేవాళ్లకి కష్టమే. ఇంకోటి, నా క్లాంప్ మీటర్‌తో చూస్తే ఏ లోడూ లేకపోయినా బ్యాటరీ నుంచి దాదాపు ఒక ఆంపియర్ లాగుతోంది, అంటే 12 వాట్లు. మా వైఫై రౌటర్ తినేదే అంత! బ్యాటరీలోని 12 వోల్టుల డీసీని 230 ఏసీ చేసి, అడాప్టర్‌లో మళ్లీ 12 డీసీ చేసి రౌటర్‌కి ఇవ్వడం ఎంత తిక్క పనో అప్పుడు వెలిగింది. వారం తర్వాత అదే గల్లీకి పోయి రౌటర్‌కి వేరే 12 వోల్టుల మినీ యూపీఎస్ తెచ్చుకున్నా, రాత్రి కరెంట్ పోతే ఇన్వర్టర్ ఆపేసినా నెట్ ఉంటోంది.

బండి మీద మాత్రం పోకండి, పార్కింగ్ దొరకదు, సుల్తాన్ బజార్ మెట్రోలో దిగి నడవండి. బిల్లు అడిగితేనే ఇస్తారు. నేను అడిగాక వారంటీ స్టాంపు వెతకడానికే ఆయనకి పది నిమిషాలు పట్టింది.