కాటానా, భూతద్దమా, పక్కన పెట్టే మామూలు రూపాయా? తేడా నాణెం తేల్చడానికి ఏది మేలు?

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం అయిన వారానికల్లా మా కిరాణా కొట్టు గల్లాపెట్టె చిల్లరతో నిండిపోతుంది. గంటస్తంభం దాకా జనమే కదా. ఆ రాత్రుల్లో చిల్లర లెక్కపెట్టే పని ఇంకెవరికీ ఇవ్వను. ఒక్కో నాణేన్నీ తిప్పి చూసి, తేడాగా ఉన్నదాన్ని పక్కన పెట్టడం నాకు ముప్పై ఏళ్ల అలవాటు.

ఈసారి ఆమదాలవలస నుంచి మా మేనల్లుడు వచ్చాడు, జేబురుమాలులో ఏడు నాణేలు మూటగట్టుకుని. "మావయ్యా, ఏడూ టంకసాల తప్పులే. ఒక్కొక్కటీ వేలు పలుకుతుందట" అన్నాడు. ఎవరన్నారంటే ఫోన్లో చూశానన్నాడు.

తేల్చడానికి నా దగ్గర ఉన్నవి మూడు: గ్రాములో నూరో వంతు వరకు చూపే జేబు కాటా, కంసాలులు వాడే పదిరెట్ల భూతద్దం, అదే రకానికి చెందిన ఒక మామూలు నాణెం. కొత్తగా మొదలుపెట్టేవాడు ముందు దేన్ని నమ్మాలని వాడి ప్రశ్న. ఒకప్పుడైతే తడుముకోకుండా కాటా అనేవాణ్ణి.

ముందు టంకసాలలో జరిగేదేమిటో వాడికి చెప్పాను. లోహపు రేకు నుంచి గుండ్రటి బిళ్లలు కోస్తారు. బిళ్ల అంచును నొక్కి చుట్టూ చిన్న గట్టు లేపుతారు. తర్వాత రెండు అచ్చుల మధ్య పెట్టి ముద్ర కొడతారు. ఆ దెబ్బకు లోహం పక్కలకు పాకిపోకుండా ఒక ఉక్కు వలయం చుట్టూ పట్టి ఉంచుతుంది. ఈ పనుల్లో జరిగిన పొరపాటే టంకసాల తప్పు. బయటికొచ్చాక తగిలినవన్నీ గాయాలు.

వాడి మొదటి రూపాయికి ఎలుక కొరికినట్టు అంచులో అర్ధచంద్రాకారపు గాటు ఉంది. ఇలాంటి అసలు తప్పులు ఉంటాయి. రేకు సరిగా జరగకపోతే, ముందు కోసిన రంధ్రం మీదే కత్తి మళ్లీ పడి బిళ్లలో ఒక ముక్క తగ్గుతుంది. కాటా మీద పెడితే 3.79 గ్రాములు ఉండాల్సిన ఆ రకం రూపాయి 3.5 దగ్గర ఆగింది. వాడి మొహం వెలిగింది. కానీ ఆకురాయితో అరగదీసినా బరువు తగ్గుతుంది కదా! ఇక్కడ కాటా చెప్పేది సగమే.

నా డబ్బాలోంచి అసలు గాటు ఉన్న రూపాయిని, గల్లాపెట్టెలోంచి ఒక మామూలు రూపాయిని తీసి, వాడిదాన్ని మధ్యలో పెట్టాను. నాదాంట్లో గాటుకు సరిగ్గా ఎదురుగా, అవతలి అంచున గట్టు పలచబడి ఉంటుంది. గట్టు లేపే యంత్రం బిళ్లను రెండు వైపుల నుంచీ నొక్కుతుంది. గాటు ఉన్నచోట ఒత్తడానికి ఏమీ దొరకదు కాబట్టి ఎదుటి వైపు ఒత్తిడీ తగ్గుతుంది. గాటు పక్కన ఉన్న అక్షరాలు కూడా దానివైపు కాస్త సాగి, మసకబారి ఉంటాయి. ముద్ర పడేటప్పుడు లోహం ఖాళీ వైపు పాకింది మరి. వాడిదాంట్లో ఎదుటి గట్టు మామూలు రూపాయి గట్టులాగే నిండుగా ఉంది. అక్షరం గాటు దగ్గర కత్తితో కోసినట్టు తెగింది. భూతద్దంలో ఆకురాయి గీతలు వరసగా కనబడ్డాయి. ఈ పని చేసినవాడికి గీతలు నునుపు చేసే ఓపిక కూడా లేదు.

రెండోది పూరీలా వెడల్పైన రూపాయి. ఉక్కు వలయం లేకుండా ముద్ర పడితే నాణెం వెడల్పవుతుంది, అది నిజమే. దీని బరువూ 3.79 దగ్గరే ఉంది, అంచేత కాటా దీన్ని పట్టుకోలేదు. కానీ వలయం లేకుండా కొట్టిన నాణెంలో మధ్యన ఉన్న బొమ్మ స్ఫుటంగానే ఉండాలి. ఇందులో సింహాలు, అంకె రెండూ ఒకే దిక్కుకు సాగి చదునయ్యాయి. వాణ్ణే చూశాను. తల దించుకున్నాడు. ఆమదాలవలసలో రైలు పట్టాలు ఇంటికి ఎంత దూరమో నాకు తెలుసు. నాణెం సంగతి వదిలేసి, పట్టాల దగ్గరికి వెళ్లినందుకు నాలుగు చీవాట్లు పెట్టాను.

మూడోది పచ్చటి రూపాయి. వేరే లోహపు బిళ్ల మీద పొరపాటున పడిందని వాడి వాదన. ఇక్కడ మాత్రం కాటాకు దణ్ణం పెట్టాలి. ఇదే కొలతలో ఇత్తడి లాంటి లోహమైతే నాలుగు గ్రాములు దాటి తూగాలి. ఇది 3.80 తూగింది. తలుపుకు అంటించే అయస్కాంతం దగ్గరికి తెస్తే టక్కున అతుక్కుంది. లోపల ఉన్నది ఉక్కే, పైన పూత పూశారు. ఇత్తడి సామాన్లు చేసే బుడితి కంచరి పనివాళ్లకు చూపిస్తే అరచేతిలో పెట్టుకోగానే చెప్పేసేవారేమో.

నాలుగోది పదకొండు అంచుల పాత రెండు రూపాయల బిళ్ల. ఒక వైపు సింహాలు లోతుగా, తిరగబడి కనిపిస్తాయి. సేకరించేవాళ్లు ఇలాంటిదాన్ని లఖీ అంటారు. ముందు కొట్టిన నాణెం అచ్చుకు అతుక్కుపోతే, తర్వాతి బిళ్ల మీద దాని ముద్ర అద్దంలో చూసినట్టు లోతుగా పడుతుంది. అసలు లఖీకి రెండో వైపు ముద్ర చెక్కుచెదరదు. వాడిదాంట్లో రెండో వైపు ఎత్తైన భాగాలన్నీ నలిగి మెరుస్తున్నాయి. ఇంకో నాణేన్ని ఆనించి, మర తిప్పి బిగించే వైసులో పెట్టి నొక్కారు.

ఇంతకీ నేను కాటా పక్షం ఎందుకు వదిలానంటే, దాన్ని నమ్మి నాలుగు వందలు పోగొట్టుకున్నాను కాబట్టి. పదేళ్ల కిందట ఒక ప్రదర్శనలో మధ్య బిళ్ల లేని పది రూపాయల నాణెం చూశాను. పదిలో తెల్లటి మధ్య బిళ్ల, పచ్చటి వలయం ముద్ర దెబ్బకే ఒకదానికొకటి బిగుసుకుంటాయి. మొత్తం 7.71 గ్రాములు, అందులో వలయం 4.45. జేబులోంచి కాటా తీసి తూచాను. సరిగ్గా 4.45! కొనేశాను. మధ్య బిళ్లను తర్వాత ఊడగొట్టినా వలయం బరువు అంతే ఉంటుందని ఇంటికొచ్చి అన్నం తింటుండగా తట్టింది. మధ్యలో ఏమీ లేకుండా ముద్ర పడితే లోహం ఖాళీలోకి పాకి రంధ్రం కాస్త చిన్నదవుతుంది, దాని అంచు ఒరిగి ఉంటుంది. నాదాని రంధ్రంలో మామూలు పది నుంచి ఊడిన మధ్య బిళ్ల చక్కగా ఇమిడిపోయేది. ఒక వైపు సుత్తి పోటు గుర్తు కూడా ఉంది. ఆ రోజు భూతద్దం ఇంట్లోనే ఉండిపోయింది. అన్నట్టు, నాణేలను ధ్వంసం చేయడం 2011 నాటి నాణేల చట్టం ప్రకారం నేరం కూడా.

ఐదు, ఆరు నిమిషంలో తేలాయి. నాణెం మీది సంవత్సరం అంకె కింద టంకసాల గుర్తు ఏదీ లేదని ఒకటి తెచ్చాడు. నక్షత్రం ఉంటే హైదరాబాద్, వజ్రం ఉంటే ముంబయి, చుక్క ఉంటే నోయిడా. ఏదీ లేకపోతే కోల్‌కతా, అంతే. ఇంకొకటి పదిహేను గీతలున్న పది రూపాయల నాణెం. పది గీతలదే అసలని మా బజారులోనూ గొడవ పడ్డారు. పది రూపాయల నాణేలు పద్నాలుగు నమూనాల్లో వచ్చాయనీ, అన్నీ చెల్లుతాయనీ రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే చెప్పింది. ఆ రెండూ గల్లాపెట్టెలో పడ్డాయి.

కాబట్టి నా వరస ఇది. మొదట మామూలు నాణెం: ఖర్చు లేదు, పక్కన పెడితే కంటికి తేడా చూపిస్తుంది. తర్వాత భూతద్దం, అయితే అది మన ఆశను కూడా పెద్దది చేసి చూపిస్తుంది, పక్కన మామూలు నాణెం లేకుండా దాన్ని వాడకూడదు. కాటా మూడోది. వేరే బిళ్ల మీద ముద్ర పడిందన్న అనుమానం వస్తే మాత్రం అదే ముందు. ఇక కొంటామని ఫోన్ చేసి కమీషన్, పన్ను ముందే కట్టమనేవాళ్లను ఏ సాధనమూ లేకుండానే దూరం పెట్టవచ్చు. తమ పేరు వాడుకుని ఇలా మోసం చేస్తున్నారని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే హెచ్చరించింది.

ఏడోది వాడు ఏమీ ఆశించకుండా చివర్లో పెట్టాడు. అంకె మీదుగా అంచు దాకా వెంట్రుకంత గీత. గోరుతో తడిమితే తగిలింది. గీకితే పడే గీత లోతుకు దిగుతుంది, పక్కన లోహం లేస్తుంది. ఇది గట్టులా పైకి లేచి ఉంది. అచ్చులో పగులు ఏర్పడితే ఆ పగుల్లోకి లోహం వెళ్లి ఇలాగే వస్తుంది. మామూలు రూపాయి పక్కన పెట్టి, భూతద్దం పెట్టి, ఇద్దరం మార్చి మార్చి చూశాం. "ఇదెంత పలుకుతుంది మావయ్యా?" అన్నాడు. ఇలాంటి పగుళ్లు తరచూ దొరుకుతాయి, వేలు రావు అన్నాను. అయినా దాన్ని కాగితంలో చుట్టుకుని, చొక్కా పైజేబులో పెట్టుకుని బస్సెక్కాడు.