జాగ్రత్త: ‘అది పవర్ సేవింగ్ సార్’ అంటే డబ్బులివ్వకండి

ఆఫీసుల్లో వాడి తీసేసిన డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ ల్యాప్‌టాప్‌లు అనంతపురం షాపుల్లో బాగా అమ్ముడుపోతున్నాయి. ఇంజనీరింగ్ పిల్లలకు ఇవి మంచి బేరమే, గట్టి మెషీన్లు. మోసం మెషీన్‌లో లేదు, దాంతోపాటు చేతిలో పెట్టే చార్జర్‌లో ఉంది.

ఇక్కడ ఒక షాపులో కొన్న ఎనిమిదో తరం ఐ5 లాటిట్యూడ్ సంగతి చూడండి. కౌంటర్ మీద చురుగ్గా తిరిగింది. ఇంటికెళ్లి చార్జర్ పెట్టాక క్రోమ్‌లో నాలుగు ట్యాబ్‌లకే మొరాయించింది. టాస్క్ మేనేజర్‌లో స్పీడ్ 0.39 గిగాహెర్ట్జ్ దగ్గర అతుక్కుపోయి కనిపించింది. వెళ్లి అడిగితే, “అది పవర్ సేవింగ్ సార్, అట్లే ఉంటాది. ఇంకో ఎనిమిది జీబీ ర్యామ్ ఏపిచ్చుకోండి” అన్నారు. ర్యామ్ పడింది, డబ్బులు పోయాయి, స్పీడ్ మాత్రం 0.39 దగ్గరే ఉంది.

పవర్ సేవింగ్ అనేది నిజంగా ఉంది, మంచిదే. పని లేనప్పుడు ప్రాసెసర్ తన వేగం, వోల్టేజీ తగ్గించుకుంటుంది. ఇంటెల్‌లో స్పీడ్‌స్టెప్, సీ-స్టేట్‌లు అనే ఏర్పాట్లు చేసేది ఇలాంటి పనే. ఖాళీగా ఉన్నప్పుడు 0.8 చూపిస్తే కంగారు పడొద్దు. కానీ పని పడగానే సెకనులోపే పైకి లేవాలి. ఐ5-8250యూ ప్రాసెసర్ అయితే మూల వేగం 1.6, టర్బోలో (పని పడ్డప్పుడు కాసేపు పెంచుకునే వేగం) 3.4 దాకా పోగలదు. లోడు పడినా లేవకపోతే అది పొదుపు కాదు, ఎవరో మెడ పట్టుకున్నట్టే.

ఆ పట్టుకునేది చాలాసార్లు చార్జరే. డెల్ గుండ్రటి పిన్ మధ్యలో సన్నటి సూది ఉంటుంది చూడండి, అది కరెంటు కోసం కాదు. ‘నేను 65 వాట్ల డెల్ అడాప్టర్‌ని’ అని ల్యాప్‌టాప్‌కు చెప్పే తీగ అది. డూప్లికేట్ చార్జర్‌లో ఆ చిప్ లేకపోయినా, సూది వంగినా, జాక్ లోపల తీగ తెగినా మదర్‌బోర్డుకు జవాబు రాదు. అప్పుడది బ్యాటరీ చార్జింగ్ ఆపేసి, ప్రాసెసర్‌ను అడుక్కి తొక్కేస్తుంది. ‘19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు’ అని స్టిక్కర్ మీద ఉన్నంత మాత్రాన సరిపోదు. నిజానికి ఇలాంటప్పుడు ఆన్ చేయగానే అడాప్టర్ రకం తెలియడం లేదని తెర మీద హెచ్చరిక రావాలి. బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల తెర) ‘అడాప్టర్ వార్నింగ్స్’ అనే టిక్ తీసేస్తే అది రాదు. అమ్మేముందు ఆ టిక్ తీసేసిన మెషీన్లు చేతికొస్తున్నాయి, అదే అసలు కోపం తెప్పించే విషయం.

కాబట్టి డబ్బులిచ్చే ముందే, వాళ్లు ఇవ్వబోయే చార్జర్‌తోనే చూడండి. షాపు బల్ల మీద వేరే ఒరిజినల్ చార్జర్ పెట్టి చూపిస్తే ఒప్పుకోవద్దు. డెల్‌లో అయితే ఆన్ చేస్తూ ఎఫ్2 నొక్కి, బయోస్‌లో బ్యాటరీ ఇన్ఫర్మేషన్ పేజీ తెరవండి. అడాప్టర్ ఎదురుగా వాట్లు కనిపించాలి. ఏమీ లేకపోయినా, గుర్తించలేదని ఉన్నా అక్కడితో ఆపేయండి. 65 వాట్ల మెషీన్‌కు 45 వాట్లది అంటగట్టినా వేగం పడిపోతుంది, అంకె కూడా చదవండి.

తర్వాత పెన్‌డ్రైవ్‌లో సీపీయూ-జెడ్ (ప్రాసెసర్‌ను పరీక్షించే ప్రోగ్రామ్) పట్టుకెళ్లి, బెంచ్ ట్యాబ్‌లో స్ట్రెస్ బటన్ నొక్కి పది నిమిషాలు వదిలేయండి. పక్కనే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో వేడి చూస్తూ ఉండండి. మొదటి అరనిమిషం వేగం 3 గిగాహెర్ట్జ్ దగ్గరికి వెళ్లి, ఆపైన రెండుకు కాస్త అటూఇటూగా నిలబడితే తప్పేం లేదు. ఈ ప్రాసెసర్‌కు నిలకడగా ఇచ్చేది 15 వాట్లే. వేడి యాభై, అరవై డిగ్రీలు దాటకుండానే వేగం 0.39 లేదా 0.79 దగ్గర ఉంటే చార్జర్ దోషమే అనుకోండి. వేడి 97, 98కి ఎక్కి అప్పుడు వేగం కుంగితే కారణం దుమ్ము, ఎండిపోయిన థర్మల్ పేస్టు (ప్రాసెసర్ వేడిని బయటికి పంపే పూత). మన మే నెల ఎండల్లో అది ఇంకా ముదురుతుంది. వేడీ లేదు, మూల వేగం దగ్గరే (1.6 లేదా 1.8) ఆగి ఒక్క పిసరు కూడా లేవట్లేదు అంటే విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 99 శాతం పెట్టి ఉంటారు. దాన్ని 100 చేస్తే టర్బో తిరిగొస్తుంది. బయోస్‌లో టర్బో బూస్ట్ ఆఫ్ చేశారేమో కూడా చూడండి.

ఇంకో చిట్కా మెకానిక్ చేస్తాడు: థ్రాటిల్‌స్టాప్ అనే ప్రోగ్రామ్ వేసి ‘బీడీ ప్రోక్‌హాట్’ టిక్ తీసేస్తాడు. వేగం వెంటనే వస్తుంది, మీరు సంతోషంగా ఇంటికొస్తారు. కానీ మిగతా భాగాలు ప్రాసెసర్‌కు ‘నెమ్మదించు’ అని చెప్పే దారి మూసేసినట్టు. బ్యాటరీ అప్పుడూ ఎక్కదు, చార్జర్ బాగా వేడెక్కొచ్చు, విండోస్ మళ్లీ వేస్తే మొదటికొస్తుంది. టాస్క్‌బార్ మూలలో ఆ ప్రోగ్రామ్ ముందే నడుస్తోందేమో చూసుకోండి.

ఇప్పటికే కొని ఇరుక్కున్నవాళ్లు ముందు చార్జర్ తీసి బ్యాటరీ మీద రీస్టార్ట్ చేయండి. వేగం తిరిగొస్తే ర్యామ్‌కు, ఎస్‌ఎస్‌డీకి రూపాయి పెట్టకండి. స్నేహితుల దగ్గర అదే పిన్ ఉన్న ఒరిజినల్ అడాప్టర్ ఒక్క గంట అడిగి పెట్టి చూడండి. అప్పటికీ రాకపోతే ల్యాప్‌టాప్ జాక్ చూపించి, అవసరమైతే మార్పించాలి. బిల్లు మీద అడాప్టర్ వాట్లు, వారంటీ గడువు రాయించుకుని ఉంటే షాపును నిలదీయడం తేలిక. మార్చివ్వం అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. బయోస్ పేజీకి ఫోటో ముందే తీసి పెట్టుకోండి, చార్జర్ పెట్టి ఉన్నప్పుడే.