ప్రోనోటు బాకీ: పెద్దమనుషుల న్యాయమా, కోర్టు న్యాయమా?

"నోటుకు మూడేళ్లు దాటిపోయింది. తీసుకున్నమాట నిజమేనని అతనే నలుగురిలో ఒప్పుకుంటున్నాడు. అయినా కోర్టులో చెల్లదట. ఇదేం న్యాయం?" ఈ నెలలో నన్ను ఇలా అడిగినవాళ్లలో మా బాబాయి మూడోవాడు.

బాబాయి నోటు చూశాను. రెండు లక్షలు, నూటికి రెండు రూపాయల వడ్డీ, రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా సంతకం. ముందువైపు వంక పెట్టడానికేం లేదు. తిప్పి చూస్తే వెనకంతా తెల్లగా ఉంది. ఊళ్లో పెద్దల దగ్గర నాలుగుసార్లు కూర్చున్నారట. "పంట డబ్బులొచ్చాక ఇస్తాడులే" అని ప్రతిసారీ వాళ్లే సర్దిచెప్పారు. మధ్యలో ఒకసారి ఇరవై వేలు ఇచ్చాడు కూడా. బాబాయి దాన్ని తన డైరీలో రాసుకున్నాడు!

పెద్దమనుషులు చూసేది తీసుకున్నాడా లేదా అని. కోర్టు అంతకంటే ముందు తేదీ చూస్తుంది. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం, అడిగినప్పుడు ఇస్తానని రాసిన నోటుకు గడువు మూడేళ్లు. చాలామంది అడిగిన రోజు నుంచి లెక్కేసుకుంటారు కానీ, లెక్క నోటు రాసిన రోజు నుంచే. గడువు దాటితే, ఎదుటివాడు ఆ మాట ఎత్తకపోయినా జడ్జి దావా కొట్టేయాల్సిందే. మొదటిసారి చదివినప్పుడు నాకూ ఒళ్లు మండింది. కానీ సాక్షులంతా పోయాక ఎవరో ఇరవై ఏళ్ల నాటి నోటు పట్టుకుని మీ గుమ్మంలోకొస్తే? మీ నాన్న ఎప్పుడో తీర్చేసి, కాగితం వెనక్కి తీసుకోవడం మర్చిపోయుంటే?

పైగా చట్టం బాకీని చంపదు, దావాకే అడ్డుపడుతుంది. కాలదోషం పట్టిన అప్పును కూడా తీరుస్తానని బాకీదారు రాసి సంతకం పెడితే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ కింద అది చెల్లుతుంది. నోటిమాట చాలదు. ధర్మానికి చట్టం వదిలిన సందు ఇదొక్కటే. అక్కడిదాకా అతన్ని తీసుకురాగలిగేది మాత్రం పెద్దమనుషులే, కోర్టు కాదు.

అయినా నా ఓటు కోర్టుకే, అదీ గడువు ఉండగానే. మొహమాటంతో దావా వేయలేకపోతే కనీసం చెల్లు రాయించుకోండి. నోటు వెనక తేదీ వేసి, ఐదొందలైనా సరే ముట్టజెప్పానని రాసి బాకీదారు సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. మన రాత మాత్రం పనికిరాదు. ఆ ఇరవై వేలు డైరీలో కాక అక్కడ ఎక్కి ఉంటే బాబాయికి ఈ టెన్షనే ఉండేది కాదు.

లోక్ అదాలత్‌లో ఫీజు లేదు, తీర్పు మీద అప్పీలూ లేదు. కాకపోతే ఇద్దరూ రాజీకి రావాలి. పోలీస్ స్టేషన్ సంగతంటారా, ఇది సివిల్ గొడవ, వదిలేయండి.

ఆదివారం బాబాయి వాళ్లు ఐదోసారి కూర్చుంటున్నారు. ఈసారి కొత్త నోటు కాగితం, రెవెన్యూ స్టాంపు జేబులో పెట్టుకుని వెళ్లమన్నాను.