నారింజ కోసం కొన్నాను, మట్టి కోసం వాడుతున్నాను: నాలుగేళ్ల టెర్ దెర్మెస్

ఎర్మెస్ కంపెనీ పెర్ఫ్యూమ్ టెర్ దెర్మెస్, నా మూడో సీసా అడుగుకి వచ్చింది. మూడూ వంద మిల్లీలీటర్లవే, మూడూ మామూలు ఓ ద టాయిలెట్ (కాస్త పలచటి) రకమే. ఇన్నాళ్లు వాడాక దీని గురించి నాలుగు మాటలు రాయొచ్చనిపించింది.

మొదటిసారి కాగితం ముక్క మీద కొట్టి వాసన చూశాను. నారింజ తొక్క వలుస్తుంటే వేళ్ల మీదికి చిమ్మే నూనె ఉంటుందే, అచ్చం అది. పండు తీపి లేదు, తొక్కలో ఉండే చేదు ఉంది. వెనకాలే గ్రేప్‌ఫ్రూట్ పులుపు. అంతే, కొనేశాను. తీరా ఒంటి మీద కొట్టుకుంటే ఆ నారింజ ఇరవై నిమిషాలు కూడా నిలవలేదు. డబ్బు దండగ అనుకుని వారం రోజులు సీసా ముట్టుకోలేదు.

తప్పు నాదే. నిమ్మ జాతి నూనెల్లో ఎక్కువ భాగం లిమోనీన్. తేలికైన పదార్థం, ఇట్టే ఆవిరైపోతుంది. ఏ సిట్రస్ సెంటుకైనా ఇదే గతి. కాబట్టి అది పోయాక కింద ఏం మిగిలిందన్నదే చూడాలి. ఈ పెర్ఫ్యూమ్ పేరులోనే ఆ సంగతి ఉంది. ఫ్రెంచిలో టెర్ అంటే నేల, మట్టి. 2006లో దీన్ని తయారుచేసిన జాన్ క్లోడ్ ఎలెనా తక్కువ సరుకుతో ఎక్కువ చెప్పే మనిషని పేరు.

నారింజ తగ్గుతుండగా మిరియాలు బయటికొస్తాయి. స్పైసీ అనగానే లవంగం, దాల్చినచెక్క లాంటి తియ్యటి వెచ్చదనం ఊహించుకుంటే నిరాశే. ఇది మిరియాలు దంచేటప్పుడు ముక్కుపుటాల్లో గుచ్చుకునే పొడి ఘాటు. దాంతోపాటు ఇంకోటి ఉంది, చెప్పడం కష్టం. రెండు చెకుముకి రాళ్లు కొట్టి వెంటనే వాసన చూస్తే కాలినట్టు, లోహంలా ఉంటుంది కదా, అది. మొదట్లో నాకు అస్సలు నచ్చలేదు. ఇప్పుడు నేను ఎదురుచూసేది ఆ పది నిమిషాల కోసమే.

గంట దాటాక దేవదారు చెక్క, వట్టివేరు. ఫ్రెంచివాళ్లు వెటివర్ అనేది తమిళం నుంచి వెళ్లిన మాటే. తడి వేరు కాదు, ఎండిన వేరు దులిపితే వచ్చే వాసన. బాగా లోపల బెంజాయిన్, అంటే సాంబ్రాణి, కాస్త మెత్తదనం తెస్తుంది. మర్నాడు చొక్కా కాలరు దగ్గర మిగిలేది ఈ చెక్క, వట్టివేరు వాసనలే.

ఇక అసలు గొడవ. మధ్యాహ్నానికల్లా నాకు వాసన తెలిసేది కాదు. పోయిందనుకుని మళ్లీ ఆరు స్ప్రేలు కొట్టాను. లిఫ్టులో పక్కనున్న సహోద్యోగి ముక్కు రుద్దుకుంటూ, "ఏంటండీ, వడ్రంగం పని పెట్టారా?" అన్నారు. ఇందులో ఐసో ఈ సూపర్ అనే కృత్రిమ పదార్థం దండిగా ఉంటుంది. 1970ల్లో ప్రయోగశాలలో పుట్టిన చెక్క వాసన అది. ముక్కు దానికి తొందరగా అలవాటు పడిపోతుంది. మనకి వస్తూ పోతూ ఉంటుంది, ఎదుటివాళ్లకి మాత్రం వస్తూనే ఉంటుంది. (మాలిక్యూల్ 01 అని అదే 2006లో వచ్చిన ఇంకో పెర్ఫ్యూమ్ మొత్తం ఈ ఒక్క పదార్థమే. కొంతమందికి దాని వాసనే తెలియదు.) అప్పట్నుంచి మూడు స్ప్రేలు దాటను: మెడకి రెండు, చొక్కాకి ఒకటి.

రెండో సీసా నా నిర్లక్ష్యానికి బలైపోయింది. ఎండ పడే కిటికీ గట్టు మీద నెలల తరబడి ఉంచాను. నారింజ కాస్తా వార్నిష్ వాసనకి తిరిగింది. లిమోనీన్ గాలికి, వేడికి పాడైతే వాసనే కాదు, కొందరికి చర్మం మీద అలర్జీ కూడా తెస్తుంది. సగం సీసా పారబోయాల్సి వచ్చింది. మూడోది అట్టపెట్టెలోనే, చీకటి అలమరాలో పెట్టాను. అడుగుకి వచ్చినా మొదటి రోజు లాగే ఉంది.

ఎండాకాలం మిరియాలు ముందుకొస్తాయి, చలిలో నారింజ ముడుచుకుపోయి చెక్క ఒక్కటే వినిపిస్తుంది. నాకు బాగా నప్పేది వాన రోజులు. ఎందుకో చెప్పలేను.

2009లో వచ్చిన దీని పార్ఫమ్ (ఇంకా గాఢమైన) రకం కూడా కొన్నాళ్లు వాడి చూశాను. చిక్కగా ఉంది, ఎక్కువసేపు ఉంది, కానీ ఆ రాయి వాసన మెత్తబడిపోయింది. 2018లో క్రిస్టీన్ నాజెల్ చేసిన ఇంకో రకం, ఇంటెన్స్ వెటివర్, శుభ్రంగా, పచ్చగా ఉంటుంది. ఆఫీసుకి బాగుంటుంది, అంతకుమించి నాకేమీ అనిపించలేదు.

మగవాళ్లదని అమ్ముతారు గానీ మా చెల్లి ఒకరోజు అడక్కుండా కొట్టుకుపోయింది. తన ఒంటి మీద నారింజ గంట పైనే ఉంది, మిరియాలు దాదాపు లేవు. అదే సీసా, వేరే సెంటు! నాలుగోది తెస్తే తన గదిలోనే పెట్టమంటోంది. అలమరాకి తాళం ఉందో లేదో చూసుకోవాలి.