తప్పుగా అతికిన పార్టు ఊడదీయడం: నాలుగేళ్లు వాడిన సక్కర్ సంగతి

రాయగడలో రిపేరు బెంచీ మీదికి ఎక్కువగా వచ్చేవి ఇండక్షన్ స్టవ్‌లు, ఇన్వర్టర్లు, సోలార్ చార్జ్ కంట్రోలర్ల బోర్డులు. తిరగేసి పెట్టిన కెపాసిటరో, కాళ్లు తారుమారైన మాస్‌ఫెట్టో (స్విచ్చిలా పనిచేసే మూడు కాళ్ల పార్టు) ఊడదీయాలంటే ముందు చేతిలోకి వచ్చేది రెండు వందల లోపు దొరికే అల్యూమినియం సక్కర్, అంటే కరిగిన సోల్డర్‌ని స్ప్రింగ్ బలంతో లాగేసే చేతి పంపు. నాలుగేళ్ల వాడకం మీద దానికి పదికి ఏడు మార్కులు. పోయిన మూడింటిలో రెండు నిజానికి సోల్డర్ కరిగించే ఐరన్ ఖాతాలో పడాల్సినవి.

సాయంత్రం ఓల్టేజీ 180కి పడిపోతే, మామూలు 25 వాట్ల ఐరన్ నుంచి వచ్చేది 15 వాట్లే. 60/40 సోల్డర్ (తగరం, సీసం కలిపిన అతుకు లోహం) 183 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి 190 లోపు పూర్తిగా కరుగుతుంది. కంపెనీ బోర్డుల్లో ఉండే లెడ్‌ఫ్రీ (సీసం లేనిది) అయితే 217 దాటాలి. పైన మెరుస్తూ కరిగినట్టే కనబడుతుంది, పార్టు కాలు దిగిన కన్నం అడుగున మాత్రం గట్టిగానే ఉంటుంది. అప్పుడు సక్కర్ బటన్ నొక్కితే పైపైది పోతుంది, కాలు ఊడదు. తిట్లు సక్కర్‌కి! టెంపరేచర్ కంట్రోల్ ఉన్న సోల్డరింగ్ స్టేషన్ మీద 350 పెట్టండి. లెడ్‌ఫ్రీకి, వెడల్పాటి గ్రౌండ్ ట్రాక్‌కి 380. ఐరన్ కొసకి సన్న మొన బిట్ వద్దు, ఉలి మొన వాడండి.

కొత్తవాళ్లు నమ్మని సంగతి ఒకటుంది: పాత సోల్డర్ తీయాలంటే ముందు కొత్త సోల్డర్ పెట్టాలి. 60/40 తీగ కొంచెం కరిగించి పాతదాంట్లో కలిపితే మొత్తం తక్కువ వేడికే కరుగుతుంది, తీగ లోపలి ఫ్లక్స్ అనే శుభ్రపరిచే పదార్థం పాత ఆక్సైడ్ పొరను కోస్తుంది, లావైన బొట్టు వేడిని కన్నం లోపలిదాకా మోసుకెళ్తుంది. రెండు మూడు సెకన్లు ఆగి, బిట్ తీయకుండానే పక్కనుంచి నాజిల్ ఆనించి నొక్కాలి. రెండు వైపులా ట్రాక్ ఉన్న బోర్డుకి బిట్ ఒక వైపు, సక్కర్ రెండో వైపు.

లాగాక ట్వీజర్‌తో కాలిని కదపండి. టిక్కుమని విడిపోయి అటూ ఇటూ ఆడితే పని అయినట్టే. ఆడకపోతే పీకొద్దు, మళ్లీ సోల్డర్ నింపి మళ్లీ లాగండి. బలవంతం చేస్తే రెండు వైపుల బోర్డులో కన్నం లోపలి రాగి గొట్టం కాలితోపాటే వచ్చేస్తుంది. స్టవ్‌లలో ఉండే గోధుమ రంగు ఒంటివైపు బోర్డు ఇంకా సుకుమారం, ఒకేచోట ఐదు సెకన్లు దాటితే ప్యాడ్ (కాలు అతికే రాగి రేకు) లేచిపోతుంది.

ఇక సక్కర్ సొంత తప్పులు. స్ప్రింగ్ వదిలినప్పుడు చెయ్యి అదురుతుంది, ఆ అదురుకి బిట్ ప్యాడ్‌ని గీరుతుంది. నాజిల్ మొనకి అర సెంటీమీటరు సిలికాన్ ట్యూబు తొడిగితే అదురు తగ్గుతుంది, గాలీ లీకవదు. ప్లాస్టిక్ బాడీ రకాల్లో స్టాటిక్ పుట్టి మాస్‌ఫెట్ గేటు పోవచ్చు, అందుకే అల్యూమినియంది. లోపలి ఓ-రింగ్ (గాలి పోకుండా ఆపే రబ్బరు చుట్టు) ఎండితే లాగుడు చచ్చిపోతుంది. పరీక్ష తేలిక: స్ప్రింగ్ నొక్కి, నాజిల్‌కి బొటనవేలు అడ్డం పెట్టి బటన్ నొక్కండి. రాడ్డు మెల్లగా రావాలి. టప్పున కొట్టిందంటే లీకే. యాభై జాయింట్లకోసారి విప్పి ముక్కలు దులిపి, కాస్త సిలికాన్ గ్రీజు రాయాలి.

తప్పుగా పెట్టిన ఐసీని కాపాడాలన్న తాపత్రయం ఎందుకో అర్థం కాదు. చవకదైతే కట్టర్‌తో కాళ్లన్నీ బాడీ దగ్గరే కత్తిరించి ఒక్కొక్కటీ విడిగా తీసేయండి. బోర్డు ఖరీదు ఐసీ కంటే ఎక్కువ. మూడు కాళ్ల మాస్‌ఫెట్‌కి మాత్రం మూడింటినీ కలిపి ఒకే దిబ్బగా సోల్డర్ పోసి, బిట్‌ని అటూ ఇటూ జరుపుతూ ఒక్కసారే బయటికి తీయాలి. మూసుకున్న కన్నానికి మందుల షాపులో దొరికే 21 నంబరు స్టీలు ఇంజెక్షన్ సూది: కరిగించి, గుచ్చి, చల్లారేదాకా తిప్పుతూ ఉంటే కన్నం శుభ్రం. స్టీలుకి సోల్డర్ అంటదు, సూది బయటి కొలత 0.8 మిల్లీమీటర్లు.

విక్ (కరిగిన సోల్డర్‌ని పీల్చే రాగి అల్లిక) కూడా పక్కనుండాలి, 2.5 మిల్లీమీటర్లది చాలు. వానాకాలం చెమ్మకి నల్లబడితే సోల్డర్ పీల్చదు. ఫ్లక్స్‌లో ముంచితే కొంత తేరుకుంటుంది. జిప్ కవర్‌లో దాచుకోవడమే మేలు.

కన్నాల్లేకుండా బోర్డు మీదే అతికే సర్ఫేస్ మౌంట్ పార్టులకి 858డి రకం హాట్ ఎయిర్ (వేడి గాలి ఊదే మెషిన్) బాగుంది. 350 డిగ్రీలు, మధ్యస్థంగా గాలి, రెండు సెంటీమీటర్ల దూరం, పక్కనున్న ప్లాస్టిక్ కనెక్టర్లకి వేడి తట్టుకునే కాప్టన్ టేపు. కాకపోతే మధ్యలో కరెంటు పోతే ఫ్యాన్ ఆగి, కాలుతున్న హీటర్ దాని వేడికి అదే మాడుతుంది. యూపీఎస్ లేనిచోట, కరెంటు కోతల వేళల్లో దాని జోలికి పోకండి.

సక్కర్ దులిపిన ముక్కల్లో సీసం ఉంటుంది. మూత డబ్బాలో వేయండి, టిఫిన్ ముట్టే ముందు చేతులు సబ్బుతో కడగండి. స్పేర్ నాజిల్ ఇక్కడ ఎప్పుడూ దొరకదు, విశాఖ నుంచి ఏ సామాను తెప్పించినా రెండు అదనంగా రాయించండి.